గట్టిగా చదివిన దస్తావేజు

కళ్లజోడు తీయమని కోడలు, తీయనని అత్తగారు. పొద్దుటి కాఫీ చల్లారిపోయినా ఆ గొడవ తెమల్లేదు.

"ఇది తీసేస్తే ఆ నోటరీ మొహం నాకెలా కనిపిస్తుంది?" అంది లీడా.

"ముందు మీ మొహం కంప్యూటరుకి కనిపించాలి అత్తయ్యా. కార్డు మీద ఫొటోతో పోల్చుకుంటుంది. ఆ తర్వాత పెట్టుకోండి."

"నా మొహం ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. దానికి తెలియకపోతే దాని ఖర్మ."

చివరికి తీసింది. తలకు కట్టిన రుమాలు దగ్గర మళ్లీ పేచీ పెట్టింది. కోడలు మారెట్ ఓపిగ్గా ఆ ముడి విప్పి, నెరిసిన జుట్టు చెవుల వెనక్కి సర్ది, దీపం దగ్గరికి జరిపింది. కంప్యూటరు అత్తగారిని గుర్తుపట్టింది.

మారెట్ భర్త కాల్యు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో వాళ్లిద్దరే. అతన్ని పాతిపెట్టిన రోజున లీడా కోడలి భుజం మీద చెయ్యి వేసి, పాస్టరు ముందు, బంధువులందరి ముందు, ఈ ఇల్లు ఇక నీదేనని చెప్పింది. ఆ మాట నమ్మి మారెట్ పుట్టింటి వాటా తమ్ముడికి వదిలేసింది. ఇప్పుడు ఆమెకు ఈ కప్పు తప్ప మరో నీడ లేదు.

వెనకటి రోజుల్లో నోటరీ పని అంటే పట్నం వెళ్లాలి. ఇప్పుడు చట్టం మారింది. కెమెరా ముందు కూర్చుని, గుర్తింపు కార్డు పెట్టి, రెండు నంబర్లు నొక్కితే చాలు. మొదటిది లోపలికి వెళ్లడానికి, రెండోది సంతకానికి. కిందటి చలికాలమంతా మారెట్ పక్కన కూర్చుని అత్తగారికి ఇదంతా నేర్పింది. ఇవాళ్టి పని ఏటి ఒడ్డున ఉన్న చిన్న అడవి ముక్క కూతురు సిర్యే పేర రాయడమని లీడా చెప్పింది. సిర్యే రాజధాని తాలిన్‌లో తన ఇంట్లోంచే తెర మీదికి వచ్చింది.

గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని నోటరీ అడిగింది.

"ఎవరూ లేరు. వంటింట్లోకి పోతోంది మా కోడలు. దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు."

తలుపు మారెట్టే మూసింది. ఉడికిన బంగాళాదుంపలు ముందు పెట్టుకుని తొక్క తీయసాగింది. దస్తావేజు మొత్తం ఒక్క మాటా వదలకుండా పైకి చదవాలని నోటరీలకు నియమం. పట్నంలో అయితే ఆ చదువు నోటరీ గదిలోనే ఆగిపోయేది. మారెట్ బయట కారులో కూర్చుని ఉండేది. ఇక్కడ రెండు గదులకూ మధ్య ఉన్నది పొయ్యి గోడ ఒక్కటే. పైగా అత్తగారికి వినపడదని కంప్యూటరు గొంతు బాగా పెంచింది కూడా మారెట్టే.

నివాసపు ఇల్లు. ఆవిరి స్నానపు గది. కట్టెల కొట్టం. బావి. దానంగా ఇచ్చేది లీడా, పుచ్చుకునేది సిర్యే. అడవి మాటే లేదు.

అదే చిరునామాలో మారెట్ అనే ఆమె కూడా ఉంటున్నట్టు నమోదై ఉంది, ఆమె సంగతేమిటని నోటరీ అడిగింది.

"నేనున్నన్నాళ్లూ ఉండనీ. పొయ్యి వెలిగించడానికి ఎవరో ఒకరు కావాలిగా. నా తర్వాత మా అమ్మాయి ఇష్టం."

"వదినకి చెప్పావా అమ్మా?" సిర్యే గొంతు నవ్వుతోంది.

"చెప్తే ఏడుస్తూ కూర్చుంటుంది. వంట మాడిపోతుంది."

మారెట్ చేతిలో కత్తి ఆగలేదు. వేడి దుంప అరచేతిని కాలుస్తున్నా కింద పెట్టలేదు.

సంతకం దగ్గర పని ఆగింది. లీడా కొట్టిన నంబరు తప్పు. మళ్లీ కొట్టింది, అదీ తప్పే. ఇంకొక్కసారి తప్పితే కార్డు మూసుకుపోతుంది, కాసేపు నిదానంగా గుర్తు తెచ్చుకోండని నోటరీ అంది. వంటింటి తలుపు తెరుచుకుంది.

"అమ్మాయ్, ఆ రెండో నంబరు ఏమిటే?" అంది లీడా గొంతు తగ్గించి.

"కాల్యు పుట్టినరోజు పెట్టించారుగా. అది మరిచిపోతే నేను తల్లినే కాదన్నారు."

"ఆ సంగతి తెలుసు. అంకెలు చెప్పు."

మారెట్ అప్పుడు తలెత్తింది. అత్తగారికి సిర్యే పుట్టిన పూట గుర్తే, ఆ రోజు కురిసిన వడగళ్లూ గుర్తే. ముసలి కళ్లలో ఇప్పుడు ఒక్క అంకె లేదు.

"సెప్టెంబరే కదా?" అంది లీడా.

అక్టోబరు. ఆ ఒక్క మాట నాలుక చివరే ఉంది. దాన్ని అక్కడే ఉంచుకోవడం ఇంత తియ్యగా ఉంటుందని మారెట్‌కు అంతవరకూ తెలియదు.

"కన్నతల్లి మీరు. మీకు తెలియకుండా ఉంటుందా?" అంది మెత్తగా.

లీడా వెళ్లి కొట్టింది. కార్డు మూసుకుపోయింది. దాన్ని తెరిచే నంబరు వచ్చిన కవరును, దొంగలు చూస్తారన్న భయంతో, ఎప్పుడో లీడాయే పొయ్యిలో వేసింది. ఇక కొత్త నంబర్ల కోసం ఆమె స్వయంగా పట్నం కార్యాలయానికి వెళ్లాల్సిందే.

ఆదివారం సిర్యే, భర్త ఐవర్‌తో కలిసి కేకు పట్టుకొచ్చింది. ఇంటి ఊసు ఎవరూ ఎత్తలేదు. పట్నం రోడ్డు మీది గుంతల గురించి, కట్టెల ధర గురించి మాట్లాడారు. చివరికి లీడాయే ఉండబట్టలేక, కోడలు కావాలనే ఆ నంబరు చెప్పలేదంది.

"అవును, కావాలనే," అంది మారెట్.

"ఒక్క తేదీ చెప్తే నీ సొమ్మేం పోయేది వదినా?" అంది సిర్యే.

"తెర మీద నువ్వూ ఉన్నావుగా. మీ అన్న పుట్టినరోజు నువ్వు చెప్పాల్సింది."

సిర్యే నోరు తెరిచింది. భర్త వైపు చూసింది. ఐవర్ తన కప్పులోకి చూసుకున్నాడు. లీడా పెదవులు ఏవో నెలల పేర్లు తడుముకుంటున్నాయి. మారెట్ తొందరపడలేదు; ఆ తడుములాట పూర్తిగా ఆగేదాకా చూసింది. ఎవరికీ అందించలేదు.

సరేలే, ఎల్లుండి అమ్మను పట్నం తీసుకెళ్లు, కొత్త నంబర్లు తెచ్చుకుంటే అయిపోతుందంది సిర్యే.

మారెట్ కేకు కోసి అందరి ముందూ పళ్లేలు పెట్టింది. తను కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను తీసుకెళ్లను," అంది మామూలు గొంతుతో. "పొల్వా ఊళ్లో ఒక వృద్ధాశ్రమంలో పని ఒప్పుకున్నాను. ఉండడానికి గది ఇస్తారు. కారు నా పేర ఉంది, తీసుకెళ్తున్నాను. రేపు పొద్దున పొయ్యి వెలిగించాల్సింది మీలో ఎవరో ఇప్పుడే అనుకోండి."