పుట్టింటి తేనెపెట్టె

మా బావగారు పాపారాజుని కుట్టిన తేనెటీగ రేగిపండంత ఉంటుందని చెబితే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి. కుట్టాక ఆయన ముక్కు దోసకాయంత అయిందనడానికి మాత్రం ఊరంతా సాక్షి.

పాపారాజు మా చెల్లెలు సూర్యకాంతమ్మ భర్త. భీమవరంలో రొయ్యల చెరువులున్న మనిషి. మాది మండపేట పక్కన పల్లె. మా వసారా గోడలో పాత కరెంటు మీటరు తీసేసిన గూడొకటుండేది. దాని చెక్కమూత వెనకాల తేనెటీగలు కాపురం పెట్టి చాలా కాలమైంది. మా జోలికి అవి రాలేదు, వాటి జోలికి మేం పోలేదు.

మా మనవరాలు నాగశ్రీకి ఓణీలిచ్చిన రోజున బావగారు డీజే బాక్సులు తెప్పించి సరిగ్గా ఆ గోడకే ఆనించి పెట్టించారు. వద్దండీ, లోపల ఈగలున్నాయి అన్నాను. ఈగలకి భయపడే రాజుని ఇప్పుడే చూస్తున్నానని పదిమందిలో నవ్వారు. రెండో పాటకి గోడ అదిరింది. ఈగలన్నీ బయటికొచ్చాయి. విస్తళ్ల ముందునించి జనం లేచి పరుగు. నేను పట్టుపంచెతో పంటకాలవలోకి దూకితే, ఆ దెబ్బకి నీళ్లు గట్టెక్కి అవతలి చేను తడిసింది. ఆయన కారెక్కి అద్దాలు బిగించుకుని, నేను కాలవలో మునిగి తేలడం ఫోనులో వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టారు. ఒక్క ఈగ మాత్రం ఆయనతోపాటే కారెక్కింది. ముక్కు సంగతి పైన చెప్పాను.

వీడియో వరకే అయితే నేనూ నవ్వేసేవాణ్ణి. ఆయన ఇంకో మాట అన్నారు. ఈగలున్న కొంపలో తన భార్య కాలు పెట్టదన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. మా ఆవిడ జారిపడి, కాలు విరిగి మంచంలో ఉంటే చూడ్డానికి నా చెల్లెల్ని రానివ్వలేదు. అది ఫోనులో ఏడుస్తుంటే వెనకాల ఆయన టీవీ సౌండు పెంచడం నాకు వినబడింది. ఈ మనిషిని వదలకూడదని ఆ రోజే అనుకున్నాను.

భీమవరంలో కొత్త మేడ కట్టి గృహప్రవేశం పెట్టుకున్నారు. మమ్మల్ని పిలవడానికి తను రాలేదు, డ్రైవరుని పంపారు. శుభలేఖ కళ్లకద్దుకుని తీసుకున్నాను.

కడియం నర్సరీల్లో తేనెపెట్టెలు చూసుకునే సత్తియ్యని పిలిపించాను. అతను కొబ్బరిపీచు పొగ పెట్టి, చెక్కమూత ఊడదీసి, పట్టుల్ని ఒక్కొక్కటే కోసి, చట్రాలకి అరటినారతో కట్టి పెట్టెలో దించాడు. రాణీగని పట్టి లోపలికి వదలగానే మిగతావన్నీ ఊరేగింపులా దాని వెనకాలే నడిచాయి. దగ్గర్లో పెడితే మళ్లీ మీ గోడకే వచ్చేస్తాయండి, కడియం పట్టుకుపోతాను అన్నాడు. అంతకంటే దూరమే పంపిద్దాం, నువ్వూ రా అన్నాను. చీకటిపడి ఈగలన్నీ గూటికి చేరాక పెట్టె వాకిలికి జాలీ బిగించాడు.

తెల్లారగానే కారులో బయల్దేరాం. జొన్నాడ వంతెన మీద గోదావరి గాలి తగిలేసరికి ఈగలన్నీ రాగం ఎత్తుకున్నాయి. ఎంత బాగా పాడాయంటే, టోలుగేటు దగ్గర డబ్బులు తీసుకునే మనిషి అది ఏ సినిమాలో పాటని అడిగాడు.

మాలో గృహప్రవేశానికి ఆడపడుచుకి పుట్టింటివాళ్లు బట్టలూ, ఏదో ఒక వస్తువూ పెడతారు. ఆ పెట్టినదాన్ని మొగుడు వద్దన్నాడంటే, పెళ్లాం పుట్టింటిని గుమ్మంలోంచి గెంటినట్టే లెక్క. ఆ ధైర్యం మీదే నేను వెళ్లింది.

ఇద్దరూ పీటల మీద కూచున్నారు. చీర, పంచెలచాపు పెట్టాను. తరవాత పసుపుగుడ్డ కప్పిన పెట్టె తెప్పించి చెల్లెలి ముందు దించాను.

"ఏంటండీ బావగారూ, లోపల మోటారేదో తిరుగుతున్నట్టుంది," అన్నారు పాపారాజు.

"మా ఇంటి ఈగలండి. మా ఇంట్లో ఇప్పుడొక్కటీ లేదు. అన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి."

ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. లేవబోతే, పీటల మీంచి మధ్యలో లేవకూడదండి అని పురోహితుడు భుజం నొక్కాడు. దాన్ని తక్షణం తీసేయమని పళ్ల బిగువున నాతో అన్నారు. నేను కదల్లేదు. భీమవరం పెద్దలంతా కుర్చీల్లోంచి ముందుకి వంగి చూస్తున్నారు.

"నాకు చెప్పకండి," అన్నాను. "పెట్టింది మా చెల్లికి. వద్దని దాన్ని అనమనండి."

సూర్యకాంతం ఎవరి వంకా చూడలేదు. పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టింది. సత్తియ్యని పిలిచి వీధి వరండాలో ఉయ్యాల పక్కన పెట్టమంది. ఆ ఉయ్యాల పాపారాజు పొద్దున్నే కూచుని పేపరు చదువుకోవడానికి టేకుతో చేయించుకున్నది.

ఇప్పుడాయన సొంత మేడలోకి వెనక గుమ్మంలోంచి వెళ్తున్నారు, తలకి హెల్మెట్ పెట్టుకుని. హెల్మెట్ నేను కలిపిందే గానీ వెనక గుమ్మం నిజం. చెల్లెలు ఆదివారం ఆదివారం మా ఇంటికి వస్తోంది. ఈగలున్న కొంప ఏదో ఇప్పుడు తేలిపోయింది కాబట్టి కాదనడానికి ఆయనకి నోరు లేదు. ఆయనా వెంట వస్తున్నారు. మా వసారాలో పడక్కుర్చీ వేసి కూచోబెడతాను. ఎవరైనా చుట్టాలుంటే వాళ్లు వినేట్టు, ఈగలు కులాసాగా ఉన్నాయా అండి అని అడుగుతాను.

మొన్న ఆదివారం ఆయనే మెత్తబడ్డారు. కాలవ వీడియో గ్రూపులోంచి తీసేస్తాను, పెట్టె మాత్రం వెనక్కి తెచ్చేసుకోండి అని బతిమాలినట్టే అన్నారు. వసారాలోనే మంచం మీదున్న మా ఆవిడ మొహం అటు తిప్పుకుంది. మీ ఆవిడనే అడగండి అన్నాను.

సూర్యకాంతం వదిన కాలికి నూనె రాస్తోంది. రాస్తూనే నాతో చెప్పింది.

"పెట్టె నిండిపోయిందన్నయ్యా. సత్తియ్య వచ్చి చూసి, ఈగల్ని రెండు జట్లు చెయ్యాలన్నాడు. ఇంకో పెట్టె చెప్పాను. అది వెనక గుమ్మం దగ్గర పెట్టిస్తాను."

బావగారి చేతిలో కాఫీ చల్లారిపోయింది. వెచ్చబెట్టి ఇవ్వమని నేను లోపలికి చెప్పలేదు.