తనలా వెలువడని అక్షరం

1945 సెప్టెంబరు 23, ఆదివారం. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌లో, క్రాగ్‌ల ఇంటి ముందుగదిలో ఉన్నది ముగ్గురం: నన్ను పెళ్ళాడబోయే లెనర్డ్ క్రాగ్, అతని తల్లి, నేను. ఇంకా కోడలిని కాకపోయినా టీ పోసే పని నాదే.

"ఆ టైపు కొట్టే ఉద్యోగం ఇక చాలమ్మాయ్," అన్నదావిడ, కప్పు నావైపు జరిపి. "యుద్ధం అయిపోయిందిగా! మావాడి చొక్కాలకు గంజి ఎవరు పెడతారు, రాజుగారొచ్చి పెడతారా?"

లెనర్డ్ నవ్వి ఒక కాగితం నా ముందుంచాడు. నా రాజీనామా. తనే రాసుకొచ్చాడు.

"నీకు శ్రమెందుకని. సంతకం గీకెయ్, చాలు."

మా ఆఫీసు శాశ్వత ఉద్యోగం ఇస్తానన్నది. రేపటికల్లా జవాబు చెప్పాలి. పెళ్ళయిన స్త్రీని మాత్రం ఉంచుకోదు. అక్కడ నేనేం చేశానో నోరు విప్పనని ప్రమాణం చేశాను కనుక ఈ ఇంట్లో టైపిస్టునే. నిజానికి నేను చదివినది శత్రువుల సంకేత యంత్రం రాసిన రాతను. మీట నొక్కగానే అక్షరాన్ని మార్చేసే ఆ పెట్టెను ఎవరూ ఛేదించలేరని వాళ్ళ ధీమా. కానీ దానికొక లోపముంది: ఏ అక్షరమైనా మరొకటిగానే వెలువడుతుంది, తనలా తాను ఎన్నడూ వెలువడదు. సందేశంలో ఉండితీరుతుందనుకున్న మాటను ఆ రాత కింద పెట్టి జరుపుతూ పోయేదాన్ని. ఒక్క అక్షరమైనా తన కిందే తాను పడితే, ఆ మాట చోటు అది కాదన్నమాట. అలాంటి మాటలకు కొదవ లేదు. రోజూ అదే వాక్యంతో వాతావరణం చెప్పే మగవాడొకడు అటువైపు ఎప్పుడూ ఉండేవాడు. లెనర్డ్‌కూ ఒక వాక్యముంది. 'నీకు శ్రమెందుకని' అంటూనే నా సెలవులు ఎలా గడవాలో, నా స్నేహితురాళ్ళు ఎవరో, నా గణితం చదువు ఎక్కడాగాలో తనే తేల్చాడు. ఈ గుమ్మంలోకి వచ్చిన నేను టైపిస్టుగా, టీ పోసే మనిషిగా, చొక్కాల గంజిగా వెలువడుతున్నాను. ఎనిడ్ ప్రాసర్ అన్న నేను నేనుగా ఒక్కసారీ వెలువడలేదు.

"ఏంటంత ఆలోచన? పెన్ను కావాలా?"

"ఇవ్వు."

కాగితం కరువు రోజులు. అతను రాసినదాన్నే వెనక్కి తిప్పి ఆఫీసుకు జవాబు రాయసాగాను: ఉద్యోగంలో కొనసాగుతాను. నేను అవివాహితను. తలపెట్టిన వివాహాన్ని నేటితో విరమించుకున్నాను.

"ఏం రాస్తున్నావ్? సంతకమేగా పెట్టమన్నాను!"

"నీకు శ్రమెందుకని, నేనే రాసుకుంటున్నాను."

"ఇదేం చోద్యం! అమ్మాయ్, టీ చల్లారిపోతోంది!" అన్నది తల్లి.

"పోసుకోండి. కెటిల్ మీ పక్కనే ఉంది."

అడుగున నా పేరు పూర్తిగా రాశాను. ఏ అక్షరం ఆ అక్షరంగానే పడింది. కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను.