మెల్డర్‌ఫోర్డ్ సీటు

మెల్డర్‌ఫోర్డ్‌లో చెప్పులు కుట్టే విలియం ఇల్లు ఎక్కడంటే మానస కళ్ళు మూసుకుని చెప్పగలదు. నీటిమిల్లుకి ఎదురు సందులో, గుర్రాల సత్రం పక్కన. ఇంగ్లండ్‌లో ఉంది ఆ చిన్న ఊరు. మానస విమానం ఎక్కిన మనిషి కాదు. బేగంపేటలో అవి నెత్తిమీద నుంచి పోతుంటే చెవులు మూసుకోవడం వరకే ఆమెకి తెలుసు.

ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం ఎమ్మే చేసింది పిల్ల. అమీర్‌పేటలో ఇల్లు, మైత్రీవనం కూతవేటు దూరం. ఆ రోజుల్లో అక్కడ గోడ కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సు పోస్టరే. అన్న మహిపాల్ రోజూ అన్నం ముందర అదే పాట.

"గీ గల్లీల జావా నేర్చుకోనిదానివి నువ్వొక్కదానివే ఉంటవ్. ఆ ఎలక్షన్ల చదువు ఎవనికి కావాలే?"

"నాకు కావాలె" అనేది. పీహెచ్‌డీ సీటు తెచ్చుకోవాలి, కాలేజీలో పాఠం చెప్పాలి. అంతే ఆమె కోరిక. అందాకా గడవాలి కదా అని పంజాగుట్టలో ఒక ఆఫీసులో చేరింది.

ఆఫీసని పేరేగానీ, కింద కర్రీ పాయింటు, పైన నాలుగు కంప్యూటర్లు. బోర్డు మీద సాఫ్ట్‌వేర్ అని రాసుంటుంది. లోపల జరిగేది పరాయివాళ్ళ చదువులు రాసిపెట్టడం. విదేశీ విద్యార్థుల వ్యాసాలు, పెద్దమనుషుల పుస్తకాలు. రాసిన చెయ్యి ఎవరిదో ఎక్కడా కనపడకూడదు, అదీ రూలు. యజమాని భార్గవ్ భీమవరం వైపువాడు. మాట వెన్న. అలాంటివాళ్ళని చూస్తేనే నాకు భయం.

మెల్డర్‌ఫోర్డ్‌లో రిటైరైన ప్లీడరొకాయన తన ఊరి పార్లమెంటు సీటు చరిత్ర తన పేరుతో కావాలన్నాడు. పాత పత్రికల కాపీలు ఈమెయిల్లో పంపించాడు. భార్గవ్ వాటిని మానస ముందు పెట్టాడు.

ఆ పిల్లకి పిచ్చి పట్టిందంటే నమ్మండి. దాదాపు రెండొందల ఏళ్ళ కిందటి మాట. ఆ ఊళ్ళో జనం గుప్పెడు. పార్లమెంటుకి పంపేది మాత్రం ఇద్దరిని. ఇళ్ళన్నీ ఒక్క దొరవి. ఓటు రహస్యం కాదు, వేదిక ముందు నిలబడి నోటితో చెప్పాలి, దొర మనిషి పక్కనే నిలబడి వింటుంటాడు. అలాంటిచోట విలియం లేచి దొర అభ్యర్థికి కాదని గొంతెత్తి చెప్పాడు. వారం తిరక్కుండా పెళ్ళాం బిడ్డలతో రోడ్డున పడ్డాడు. దొరంటే ఏమిటో మానసకి ఎవరూ చెప్పక్కర్లేదు, తాత వీపు మీది వాతల్లో చూసింది. ఆ అధ్యాయం ఏడుస్తూ రాసింది. తర్వాత చట్టం మారి రెండు సీట్లు ఒకటయ్యాయి. ఆ ఒక్కటీ పక్క పట్నంలో కలిసింది. చివరికి ఆ పేరే చెరిగిపోయింది. అప్పుడే మన దగ్గర కూడా నియోజకవర్గాల గీతలు మారుస్తున్నారు. పేపర్లో అది చదివినప్పుడల్లా ఆమెకి మెల్డర్‌ఫోర్డే గుర్తొచ్చేది.

"చాలా బాగుందమ్మా! వెనక పేజీలో నీ పేరు వేయమని ఆయనకి చెప్తాలే" అన్నాడు భార్గవ్.

నమ్మింది. నమ్మి, పీహెచ్‌డీ దరఖాస్తుకి విలియం అధ్యాయాన్ని తన రాత కింద జతచేసింది. ఇంతకన్నా మంచిది తన దగ్గర ఇంకేముంది మరి?

ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ ఉదయలక్ష్మి గారు ఒక పుస్తకం పేజీలు ఆమె ముందుకు తోశారు.

"ఇంటర్నెట్లో దొరికింది. మీ వ్యాసం ఇందులోంచి మాటకి మాట ఎత్తి రాశారేంటి?"

అట్ట మీద ప్లీడరు పేరు. మానస చివరి పేజీ తిప్పింది. ఆయన భార్యకి కృతజ్ఞతలున్నాయి, పెంపుడు కుక్కకీ ఉన్నాయి. తన పేరు లేదు.

"ఇది నేనే రాసిన మేడం!"

ఎవరు నమ్ముతారు? విలియం పేజీ తీసింది. చదువుతూ ఒక్కచోట ఆగిపోయింది.

"చూడండి మేడం. విలియం ఓటేసి, వేలిమీద సిరా గుర్తుతో ఇంటికొచ్చిండని ఉంది. ఆ దేశంల వేలికి సిరా పుయ్యనే పుయ్యరు. మా అమ్మ ఓటేసొచ్చి మాకు వేలు చూపెడుతుండె, అదే రాసేసిన. అక్కడోడు రాస్తే గీ తప్పెట్ల చేస్తడు?"

పక్కనున్న సభ్యుడొకాయన పకపకా నవ్వాడు. "భలే! కాపీ అయితే దొంగతనం, కాకపోతే తప్పుడు చరిత్ర. ఏదో ఒకటి ఒప్పుకోమ్మా."

ఉదయలక్ష్మి గారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి ఆ పిల్లనే చూశారు.

"నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకంతో పని జరగదు. మీరే రాశారని మీ ఆఫీసు నుంచి రేపటికల్లా కాగితం తెండి. లేకపోతే కాపీ అని రాయక తప్పదు. అలా రాస్తే ఇంకెక్కడా మిమ్మల్ని గడప తొక్కనివ్వరు."

మానస ఆటో దిగి మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కింది. భార్గవ్ కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు, అంతా విన్నాడు.

"అలాంటి కాగితమిస్తే క్లయింట్లు ఒక్కరుండరమ్మా. పేరుండదని తెలిసే కదా చేరావు?"

"వేయిస్తనన్నరు కద సార్!"

"అడిగాను. ఆయన నవ్వాడు."

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. కన్నీళ్ళు ఆగలేదు. "నా బతుకు పోతది సార్. ఒక్క కాగితం..."

"ఛ ఛ, నీకు అన్యాయం చేస్తానా?" అతని గొంతులో నిజంగానే జాలి ఉంది, అదే నాకు మింగుడుపడదు. "జావాలో మూడేళ్ళు చేశావని ఎక్స్‌పీరియన్స్ లెటరిస్తాను. కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తే మనవాళ్ళే మాట్లాడతారు. మాదాపూర్లో ఉద్యోగం ఖాయం."

"నాకు జావా రాదు."

"అక్కడికెళ్ళాక నేర్చుకుంటావు. అందరూ అంతే."

"నేను రాసింది రాసిన్నని ఇయ్యరు. నాకు రానిది వచ్చని ఇస్తరా?"

"దీనికి ఎవరూ గొడవ చెయ్యరమ్మా" అన్నాడు.

ప్రింటర్ గరగరమంది. ఇంటిపేరుతో సహా మానస పేరు, ఒక్క అక్షరం తప్పులేకుండా, కాగితం నడిమధ్యన లావుపాటి అక్షరాల్లో వచ్చింది. కింద భార్గవ్ సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, చేతికిచ్చాడు. ఆమె చేత్తో అన్ని పుస్తకాలు రాయించుకున్న ఆ ఆఫీసులోంచి ఆమె పేరుతో బయటికొచ్చిన మొదటి కాగితం అదే. మానస దాన్ని మడతపడకుండా బ్యాగులో పెట్టుకుంది.