చీమ కుట్టినంత గాయం

మా తమ్ముడు చెంచాతో తింటుంటేనే నాకు అనుమానం వచ్చింది. అదీ ఎడమచేత్తో.

తలుపులు తయారుచేసే షెడ్డులో మా ఇద్దరికీ పని. నేను ఉప్పుకాగితంతో చెక్క నునుపు చేస్తాను, వాడు బాగా ఒత్తిడితో కొట్టే గన్నుతో రంగు చిమ్ముతాడు. నాకంటే చిన్నవాడైనా, వస్తూ పోతూ నా నెత్తిన మొట్టికాయ వేయందే వాడికి రోజు గడవదు. ఆ రోజు పొద్దుటి నుంచి ఒక్కటీ పడలేదు.

"ఏదీ, ఆ చెయ్యి చూపించు."

"ఏం లేదక్కా. గన్ను మూతి మూసుకుపోతే వేలితో తుడిచా. చీమ కుట్టినట్టయింది, అంతే."

చూపుడువేలికి కరెంటు తీగలకు చుట్టే నల్ల టేపు చుట్టి ఉంది. మా షెడ్డులో తెగినా, కాలినా, చీరుకుపోయినా వైద్యం అదే. జేబులో టేపు చుట్ట లేకుండా మా మేస్త్రీ గుమ్మం దాటడు.

టేపు ఊడదీశాను. సూదిమొనంత రంధ్రం, రక్తం చుక్క లేదు. కానీ వేలు పాలిపోయి, ఉబ్బి, బిగిసిపోయింది. గిల్లితే వాడికి తెలియలేదు. "పద ఆసుపత్రికి," అన్నాను.

"ఇంతదానికి ఆసుపత్రెందుకమ్మా? సాయంత్రానికి అదే తగ్గుతుంది," అన్నాడు మేస్త్రీ, కొత్త టేపు చింపుతూ.

"తగ్గకపోతే మీ వేలు తెచ్చి అతికిస్తారా?"

తమ్ముణ్ణి రెక్క పట్టుకుని లాక్కెళ్లాను.

ఆసుపత్రిలో వాడు "వేలికి చిన్న గాయం" అన్నాడు. మమ్మల్ని చివరి బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను ఊరుకుంటానా? "గన్నులోంచి రంగు వేల్లోకి దూరింది!" అని గొంతెత్తేసరికి డాక్టరమ్మే లేచి వచ్చింది.

"పైన కనిపించేది అసలు గాయం కాదమ్మా. లోపల రంగు అరచేతిదాకా పాకుతోంది. ఇప్పుడే కోసి కడగాలి. రేపు వచ్చుంటే వేలు తీసేయాల్సి వచ్చేదేమో."

తమ్ముడు వేలికేసి చూసుకున్నాడు. "వేలు పోతే గన్ను ఎలా పట్టుకుంటానక్కా?"

"పోదు. నేనున్నాగా," అన్నాను. ఉండి ఏం చేయగలనో నాకే తెలియదు.

రెండుసార్లు ఆపరేషన్ చేశారు. కుట్లు మానాక కూడా వేలు కర్రముక్కలాగే ఉంది. డాక్టరమ్మ చూపించినట్టు రోజూ వంచమని వెంటపడ్డాను. నన్ను తిట్టుకుంటూనే వంచాడు.

నిన్న మళ్లీ పనిలోకి వచ్చాడు. మేస్త్రీ జేబులోని టేపు అప్పటికే కరెంటు సామాన్ల డబ్బాలోకి చేరింది. నేను వంగి చెక్క రుద్దుతుంటే వెనక నుంచి నెత్తిన టక్కున పడింది, ఆ వేలు మడిస్తే తప్ప పడని మొట్టికాయ. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గట్టిగా తగిలిందా అక్కా?" వాడు కంగారుపడ్డాడు.

"చాల్లేదు. ఇంకోటి వెయ్యి," అన్నాను.