తిప్పుడుగాడి స్విచ్చి

రేడియో మెకానిక్‌కి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు తిప్పుడుగాడు. ఆ పుణ్యం వాళ్ళక్కదే. నలభై ఏళ్ళ కిందట నాన్న రేడియో స్విచ్చి ఉన్నట్టుండి బిగుసుకుపోతే, "వీడే, తిప్పి తిప్పి చెడగొట్టాడు" అని ఆవిడ వేలెత్తి చూపించింది. కనబడినదల్లా తిప్పే పిల్లాడు కనక సాక్ష్యం ఎవరూ అడగలేదు. "చెడగొట్టినవాడివి, బాగుచెయ్యడం కూడా నేర్చుకో" అని నాన్న రేడియో షాపులో పనికి పెట్టాడు. పని వచ్చింది, సొంత షాపు వచ్చింది, మనవలూ పుట్టారు. నింద మాత్రం పోలేదు. ఊళ్ళో పాత రేడియోలన్నీ అతని బల్ల ఎక్కాయి గానీ, ఆ ఒక్కదాన్నీ అక్క గడప దాటనివ్వలేదు.

ఇవాళ ఏమనుకుందో ఏమో, తనే చంకనెత్తుకుని వచ్చింది.

"కొత్త స్విచ్చి వేసెయ్‌రా. పాతది విప్పకుండా ఇటిచ్చెయ్."

"దీనికి కొత్తదెక్కడ దొరుకుతుందక్కా? వాల్యూమ్ నాబు వెనకాలే అతుక్కుని ఉంటుంది. విప్పాల్సిందే. నేను చెడగొట్టానో, దానంతటదే చెడిందో ఇవాళ తేలిపోవాలి."

"తేల్చడానికి పెద్ద జడ్జీగారు బయల్దేరాడు" అంటూ ఆవిడ స్టూలు మీద అటూ ఇటూ కదిలింది.

అతను ప్లగ్గు తీసే ఉందని మరోసారి చూసుకుని, స్విచ్చి రేకు మూతకున్న నాలుగు కొక్కేలనూ నెమ్మదిగా లేపాడు. లోపల స్ప్రింగు లక్షణంగా ఉంది. దాని కింద నల్లటి జడపిన్ను ముక్క అడ్డంగా ఇరుక్కుని ఉంది.

చిన్నప్పుడు అతని తలెప్పుడూ గుండే. నాన్నది బట్టతల. అమ్మ పిన్నులు పెట్టుకునేదే కాదు. అతను ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని అక్క వైపు చూశాడు. అక్క నేల వైపు చూసింది.

"ఆ రోజు పాట మధ్యలో గరగరమంది. నాబు సందులోంచి పిన్నుతో పొడిచా, విరిగింది. నాన్న తంతాడని నీ పేరు చెప్పేశా." "ఎవరు విప్పినా బయటపడుతుందని ఇన్నాళ్ళూ దాచా. ఏం చెయ్యను, మళ్ళీ వినాలని మనసు పీకేస్తోందిరా."

ఈ రోజు కోసం అతను దాచుకున్న తిట్లు చాలానే ఉన్నాయి. కానీ తన బల్లను చూసుకున్నాడు, అరల్లో బారుగా ఉన్న రేడియోలను చూసుకున్నాడు. కోపానికి బదులు నవ్వొచ్చింది, నిజంగానే సంతోషమేసింది.

స్విచ్చి శుభ్రంగా తుడిచి, చుక్క నూనె వేసి, మూత బిగించి, ప్లగ్గు పెట్టాడు.

"నువ్వే తిప్పు. ఇకమీదట ఆ పేరు నీది."

ఆవిడ భయంభయంగా తిప్పింది. టక్‌మంది. డయల్ వెనక పసుపుపచ్చ దీపం వెలిగింది. సెట్టు వేడెక్కి పాట వచ్చేలోగా ఆవిడ కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఆ ముక్క ఇలా తే, పారేస్తా."

అతను పిడికిలి మూశాడు.

"ఇవ్వను. ఇన్నేళ్ళూ నాకింత అన్నం పెట్టింది ఇదే."