ముట్టుకోకూడని ఛార్టు

మధ్యాహ్నం పన్నెండింటికే ఆ నీలంబట్టల నర్సు చెప్పింది. కాలు విరిగి పక్క మంచంలో పడి ఉన్న నేను నా చెవులతో విన్నాను.

"సిస్టర్, ఏడో మంచం తాపీమేస్త్రికి నాడి పరుగెడుతోంది. కట్టు నెత్తురుతో తడుస్తోంది."

తెల్లబట్టల రిజిస్టర్డ్ నర్సు ఎవరికో సూదిమందు వేస్తోంది. నలభై మంచాలకు ఆమె ఒక్కతే. తల తిప్పకుండానే అంది: "చీటీ రాసి బల్లమీద పెట్టు. తర్వాత ఛార్టులో ఎక్కిస్తా."

రిజిస్ట్రేషన్ లేని నీలంబట్టల ప్రాక్టికల్ నర్సులు రోగిని కడగొచ్చు, నాడి చూడొచ్చు. ఛార్టు మాత్రం ముట్టుకోకూడదు, కుర్చీలో కూర్చోకూడదు. దీన్నే అక్కడ క్రమశిక్షణ అంటారు. సిస్టర్ అన్న పిలుపు కూడా తెల్లబట్టలకే. వీళ్లు "ఏయ్ నీలం". మేం రోగులం మాత్రం మేస్త్రి సంగతి చెప్పిన ఈమెను అక్కా అనేవాళ్లం. ఇంతకుముందు నా భార్య ఆ ఆస్పత్రిలోనే పోయిన రోజు, ఎవరూ అడక్కుండానే తడి దూదితో ఆమె పెదాలు తడిపింది అక్కే.

చీటీ ఛార్టుకెక్కేసరికి రెండయింది. నాలుగింటికి మేస్త్రి పోయాడు. అక్క అతని కళ్లు మూసి, గోళ్లలో మిగిలిన సిమెంటు తుడిచింది.

సూపరింటెండెంటు ఛార్టులో రెండింటి టైము చూసి అక్కవైపు తిరిగాడు. "రెండింటిదాకా గుడ్డిగుర్రానికి పళ్లు తోముతున్నావా? రేపు పదింటికి ఆర్డరు తీసుకుని వెళ్లిపో."

తెల్లబట్టలావిడ నేల చూసింది.

నా మంచం వెనకే దుప్పట్ల గది. సాయంత్రం డ్యూటీ మారేవేళ నీలంబట్టలవాళ్లంతా అందులో చేరారు.

"రేపు ఛార్టులో మనమే రాద్దాం. సంతకమూ మనమే పెడదాం," అంది అక్క.

"అమ్మో! ముట్టుకుంటే పీకేస్తారే!"

"ముట్టుకోకపోతే పీకలేదా నన్ను?"

నవ్వబోయి ఆగిపోయారు. గుమ్మంలో తెల్లబట్టలావిడ నిలబడి ఉంది.

"రండి సిస్టర్," అందొక ముసలి నర్సు. "ఇక్కడ కుర్చీల్లేవు మరి. నిలబడ్డం వచ్చా?"

"ఈమె పన్నెండింటికే చెప్పింది. సూపరింటెండెంటు ముందు ఆ మాట అనలేకపోయా. నా రిజిస్ట్రేషన్ పోతుందని..."

"పోవడానికి మీకేదో ఉంది. మాకదీ లేదు!" అరిచిందొకామె.

"నువ్వాగవే," అంది ముసలావిడ. "మనకీ వీళ్లకీ కుర్చీ తగువు పెట్టి, నలభై మంచాలకి ఒక్క మనిషిని పెట్టినవాడు హాయిగా ఉన్నాడు. వాణ్ణి అడిగామా ఒక్కనాడైనా?"

తెల్లబట్టలావిడ దుప్పట్ల మూటమీద కూలబడింది. అక్క జరిగి చోటిచ్చింది.

మర్నాడు సూపరింటెండెంటు వచ్చేసరికి ప్రతి ఛార్టులోనూ నీలంబట్టలవాళ్ల చేతిరాతే, కింద వాళ్ల సంతకాలే.

"ఇవన్నీ కొట్టేసి నువ్వు పెట్టు సంతకం," తెల్లబట్టలావిడతో అన్నాడు.

"చూసింది వాళ్లు సార్. చూడనిదానికి నేను పెట్టను. ఇన్నాళ్లూ పెట్టాను. మేస్త్రి పోయాడు. ఈమె పన్నెండింటికే చెప్పిందని ఆయన ఛార్టులో రాశాను, చూసుకోండి."

"పక్క వార్డు సిస్టర్ని పిలవండి!" అరిచాడు సూపరింటెండెంటు.

ఆమె వచ్చింది. విషయం విని చేతులు కట్టుకుంది. "నేనూ పెట్టను సార్."

పదింటికి అక్కను బయటికి పంపడానికి కాపలావాళ్లు వచ్చారు. అక్క మూడో మంచం దగ్గర నాడి చూస్తోంది. ఒకడు ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఆగు తమ్ముడూ, ఇంకో అరనిమిషం."

అతను చెయ్యి తీసేశాడు. అక్క అంకె వేసి, సంతకం పెట్టి, వాళ్ల ముందు నడిచింది.

"ఇంకెవరికైనా ఇంటికెళ్లాలనుందా?" అన్నాడు సూపరింటెండెంటు.

నాలుగో మంచం దగ్గర ముసలావిడ వంగి రోగి చెయ్యి అందుకుంది. తెల్లబట్టలావిడ ఛార్టు తెచ్చి, ఆమె రాయడానికి వీలుగా విప్పి పట్టుకుంది.