ఉండిపోవడానికిచ్చిన పాస్‌పోర్టు

హాంకాంగ్ నీటి సరఫరా శాఖలో పంపుల మేస్త్రీని నేను. తొంభై ఏడులో ఊరిని చైనాకు అప్పజెబుతారని జనం విమానాలెక్కి పోతుంటే, పనిచేసేవాళ్లు మిగలరని దొరలు భయపడ్డారు. యాభై వేల కుటుంబాలకు బ్రిటిష్ పాస్‌పోర్టు ఇస్తామన్నారు. పోవడానికి కాదట, ధైర్యంగా ఉండిపోవడానికట. నా పేరు వచ్చింది. అప్పటికి నా భార్య సుయ్‌లాన్ చనిపోయి ఏడాది.

పాస్‌పోర్టు వచ్చినవాడి భార్యకూ ఇస్తారు. నాకు భార్య లేదన్న సంగతి బావమరిది క్వాన్‌పుయ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. తన భార్య చెల్లెలు వైయింగ్‌ను వెంటబెట్టుకుని, నేను ఆదివారాలు కూర్చునే టీ దుకాణానికి వచ్చాడు.

"ఎన్నాళ్లని ఒక్కడివే బియ్యం కడుక్కుంటావు బావా?"

"మీ అక్క పోయినప్పటినుంచీ కడుగుతున్నా. చేతులేం అరగలేదు."

వైయింగ్‌కు నలభై ఉంటాయి. బట్టల మిల్లులో పని.

"మా బావది డొంకతిరుగుడు" అంది క్వాన్‌పుయ్‌ని చూపిస్తూ. "నాకు కావాల్సింది పాస్‌పోర్టండీ. మా నాన్న చైనా నుంచి ఈదుకుంటూ పారిపోయి వచ్చాడు. నాకు ఈత రాదు."

మా శ్మశానంలో సమాధికి ఆరేళ్లే గడువు. తర్వాత తవ్వి, ఎముకలు తుడిచి కుండలో పెట్టాలి. అప్పుడు వాటిమీద ఎండ పడకుండా ఇంటి మనిషి గొడుగు పట్టాలి. సుయ్‌లాన్ గడువు తొంభై ఏడులో తీరుతుంది. మాకు పిల్లల్లేరు.

"ఆ రోజు గొడుగు పడతావా?" అని వైయింగ్‌ను అడిగాను.

"నేను లేనూ? సొంత తమ్ముణ్ణి!" అన్నాడు క్వాన్‌పుయ్.

"మీ అక్క ఐదు నెలలు ఆస్పత్రిలో ఉంది. నీ కొత్త దుకాణానికి దరిద్రం చుట్టుకుంటుందని ఆ గుమ్మం తొక్కలేదు నువ్వు."

అతను రొయ్యల కుడుము నోట్లో పెట్టుకున్నాడు.

వైయింగ్ టీ కప్పు పక్కకు జరిపింది. "పాస్‌పోర్టు లేకపోతే ఈలోగా ఏ దేశం రానిస్తే అక్కడికి పోవాల్సిందే. చేతిలో ఉంటే తొందరేముంది? ఉంటాను, పడతాను. కానీ వీధుల్లోకి సైన్యం వస్తే మాత్రం ఆ పూటే విమానం ఎక్కేస్తా. ముందే చెబుతున్నా."

సుయ్‌లాన్ మంచాన పడ్డప్పుడు అందరూ తప్పకుండా వస్తామన్నవాళ్లే. రాకపోవచ్చని ఒక్కరూ చెప్పలేదు.

"సరే" అన్నాను.

"చూశావా! విందులో పెద్ద బల్ల నాదే" అన్నాడు క్వాన్‌పుయ్.

"విందు లేదు. రిజిస్ట్రారు దగ్గర సంతకాలు, అంతే. సాక్షులు పంపుహౌసు వాళ్లు. నువ్వు రాకు."

"అదేంటి బావా, నేను కుదిర్చిన పెళ్లి!"

వైయింగ్ అతని వైపు చూడలేదు.

"ఏ రోజండీ?" అని నన్నడిగింది.